పేడనీళ్ళ కడవ

మా కొండల్లో చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకెళతారు. ఏదో ఒకటి కొట్టుకొస్తే దాని రక్తం కలిపి విత్తనాలు చల్లుకుంటాం. వట్టి చేతులతో వస్తే మాత్రం ఆడవాళ్ళం ఊరి పొలిమేరలో కాచుకుని ఉండి పేడనీళ్ళు కుమ్మరిస్తాం. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. మా వదిన అన్న కోసమని ప్రత్యేకంగా చిక్కగా కలిపేది.

కొండకి అవతలి పక్క నల్లరాయి క్వారీ పెట్టాక ఆ వేళాకోళం చేదెక్కింది. రోజూ పేలుళ్ళే. అడవిపంది సంగతి అటుంచితే కుందేలు కూడా నిలవలేదు. ఊటనీళ్ళు సున్నం కలిపినట్టు దిగేవి. అరకు సంతలో మా కాఫీ గింజ మీది దుమ్ము చూసి కొనేవాళ్ళు మొహం తిప్పుకునేవారు. గోడ బీటల్లో మట్టి మెత్తీ మెత్తీ అమ్మ విసిగిపోయింది. పండగ వచ్చినప్పుడల్లా మగవాళ్ళు వట్టి చేతులతో దిగడం, మేం నీళ్ళు పొయ్యడం. నవ్వేవాళ్ళు తగ్గిపోయారు. అన్నకి అది తలకొట్టేసినట్టుండేది.

ఆ ఏడు పొద్దున్నే విల్లు భుజాన వేసుకుని వదినతో అన్నాడు.

"ఈ ఏడు పేడ కలపకే. నీ సేతికి కంపు తప్ప మరేటీ మిగల్దు."

వదిన వినలేదు. నేను కడవ పట్టుకుంటే తను కలిపింది.

వేటలో సగంమంది కింద నుంచి డప్పులు కొడుతూ, కేకలేస్తూ జంతువుల్ని పైకి తోలతారు. తక్కినవాళ్ళు పైన పొంచి ఉంటారు. క్వారీ తినగా మిగిలిన అడవి కొండ నెత్తిన ఓ పట్టీ అంతే. అందుకే అన్న క్వారీ అంచునే పొంచాల్సి వచ్చింది. పండగ సంగతి క్వారీవాళ్ళకి ముందే చెప్పాం. ఆ పూట పేల్చబోమన్నారు. పేల్చారు.

పేలుడు ఊళ్ళోకి వినిపించింది. రోజూ వినేదే గనక ఎవరమూ తల తిప్పలేదు.

మధ్యాహ్నం దాటాక మలుపులో మగవాళ్ళు కనబడ్డారు. దుంగకి దుప్పటి వేలాడదీసి మోసుకొస్తున్నారు. దుప్పటి నుంచి రక్తం కారుతోంది. పందిని కొడితే అలాగే తెస్తారు. ఎన్నాళ్ళకో దొరికిందని ఆడవాళ్ళం చేతులు కలిపి థింసా అడుగు వేశాం. వదిన కడవ పక్కన పెట్టి, విత్తనాల చేట పట్టుకుని ఎదురు పరిగెత్తింది. మగవాళ్ళు ఆగమని చేతులు ఊపుతున్నారు. అదీ సంబరమే అనుకున్నాం.

దుప్పటి జారి ఓ కాలు బయటపడింది. ముల్లు గుచ్చుకున్న వేలికి పొద్దున నేను కట్టిన గుడ్డపీలిక దానికుంది. రాయి అన్న మొహాన్ని మొత్తం తీసుకుపోయింది. వదిన చేతుల్లోంచి చేట జారి సామలు ఆ రక్తంలోనే పడ్డాయి.

సాయంత్రం క్వారీ సూపర్‌వైజర్ జీపులో వచ్చాడు. పేల్చేముందు విజిల్ ఊదామనీ, డప్పుల గోలలో మీవాళ్ళకి వినపడకపోతే మేమేం చేస్తామనీ అన్నాడు. ఎవరో గొడ్డలితో జీపు అద్దం పగలగొట్టారు. వదిన అందరినీ తోసుకొచ్చి, కడవ ఎత్తి అతని నెత్తిన కుమ్మరించింది.

"ఈ ఏడు మావోలు ఒట్టి సేతుల్తో రానేదు. అందుకే ఇది మిగిలిపోనాది."

ఆ ఖాళీ కడవతోనే అతని మొహం మీద కొట్టింది. కడవ పగిలింది, అతని ముక్కూ పగిలింది. నాకు తృప్తిగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

అన్న కర్మలు కాకముందే క్వారీలో మళ్ళీ విజిల్ ఊదారు. ఊళ్ళో డప్పు మోగడం లేదు గనక అందరికీ బాగానే వినిపించింది.