నాలుగు మెట్లు దిగే పాట

ఈ రోజు డ్యూటీ దిగి, ఈ అరబ్బు దేశపు సిత్రా కూలీల క్యాంపు గదిలో పాత క్యాసెట్ ఒకటి పెట్టాను. వందల ఏళ్ల నాటి యూరపు పాట. అరబ్బుల ఊద్ లాంటి తంత్రీవాద్యం మీటుతూ ఒకడు దుఃఖపడతాడు. ప్రతి పాదం పైన మొదలై నాలుగు స్వరాలు దిగిపోతుంది.

"ఇది లొంగుబాటు సంగీతం!" అని, ఊళ్లో సంఘం కరపత్రాలు చదివిన అలవాటుతో ఉపన్యాసం దంచాను.

"జర ఆగు తమ్మీ," అని పక్క మంచం రాజన్న, భార్యకు పంపే క్యాసెట్లో మాట రికార్డు చేశాడు: "నేనీడ మంచిగనే ఉన్న, రంది వెట్టుకోకు."

ఆ మాటా అచ్చం ఆ పాటలాగే దిగింది. నా ముఖం చూసి అడిగాడు:

"గొంతుల తెలుస్తున్నదా? ఆమెకు తెల్వద్దు."

చెరిపి మళ్లీ చెప్పాడు. మళ్లీ దిగింది.

గదిలో నిలవలేక బయట తిరుగుతున్నాను. ఆ ఒక్క మాటను పైకెత్తే స్వరం నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. మీకు తెలిస్తే ఇప్పుడే చెప్పండి, రాజన్న క్యాసెట్ పొద్దున్నే ఊరికి పోతోంది.