వెనక టైరు లెక్క

మా ఆయన బండికి వెనక టైరు ఇంకా ఐదు వేల ఏడు వందల కిలోమీటర్లు వస్తుందని నేను అన్నాను. రాదని మా అమ్మాయి అంది. పోయిన కార్తీకంలో రెండు ఆదివారాలు మా ఇద్దరికీ ఇదే వాదన.

నేను నోటికొచ్చింది చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళు రామచంద్రపురం చుట్టుపక్కల బడుల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఆ బండి మా ఇంటికి వచ్చిన రోజునే దానికో నోటుపుస్తకం పెట్టాను. తేదీ, మీటరు అంకె, చేయించిన పని, కారణం: పేజీకి నాలుగు గళ్ళు. వెనక టైర్లు అప్పటికి నాలుగు అరిగిపోయాయి. పదహారు వేల ఎనిమిది వందలు, పదిహేడు వేల నాలుగు వందలు, పదహారు వేల తొమ్మిది వందలు, పదిహేడు వేల మూడు వందలు. సగటు పదిహేడు వేల నూరు. ఇప్పుడున్నది అయిదోది, పదకొండు వేల నాలుగు వందలు తిరిగింది. తీసివేస్తే ఎంత మిగులుతుందో మూడో తరగతి పిల్లయినా చెబుతుంది.

"అమ్మా, అది మూడేళ్ళు వసారాలో కదలకుండా పడుంది. నీ సగటు దానికి తెలీదు," అంది మా అమ్మాయి.

మూడేళ్ళ కిందట ఫిబ్రవరి పదకొండున, మంగళవారం, మా ఆయన పోయారు. అప్పటినుంచి బండి వసారాలో దుప్పటి కింద ఉంది. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేసేవారు. వారంలో ఆరు రోజులు ఆ బండి మీద ఊళ్ళు తిరిగి వరి మళ్ళు చూసి, మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొచ్చేవారు. ఏడో రోజు బండి కడిగి నన్ను ఎక్కించుకునేవారు. రిటైరయ్యాక ఊళ్ళ తిరుగుడు తగ్గింది గాని ఆదివారం మాత్రం తప్పలేదు. సరిగ్గా నాలుగింటికి బయలుదేరి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకి. మా గుమ్మం నుంచి రేవు దాకా మీటరు మీద పద్దెనిమిది కిలోమీటర్లు.

అక్కడ మేము చేసేదేమీ లేదు. చెరో టీ తాగేవాళ్ళం. అవతలి ఒడ్డు నుంచి పంటు మీద మనుషులు, సైకిళ్ళు, బస్తాలు గోదావరి దాటి రావడం చూసేవాళ్ళం. పంటు ఒడ్డుకి తగిలి అందరూ దిగేదాకా ఉండి, దీపాల వేళకి ఇంటికి వచ్చేసేవాళ్ళం. దారిలో గాలికి మాట వినబడదు కాబట్టి మాట్లాడుకునేవాళ్ళం కాదు. నేను చీర కట్టుకుని ఒక పక్కకే కూర్చునేదాన్ని. రెండు కాళ్ళూ ఎడమవైపు, పాదాలు చీర గార్డు కింది పలక మీద, ఎడమ చెయ్యి సీటు వెనక కమ్మీ మీద, కుడి చెయ్యి ఆయన భుజం మీద. మూడు బండ్లు మారాయి, నేను కూర్చునే తీరు మారలేదు.

ఆయన పోయాక రెండుసార్లు మా అమ్మాయి నన్ను కారులో కోటిపల్లి తీసుకువెళ్ళింది. గోదావరి అదే, టీ అదే. కానీ నేను కోరుకున్నది గోదావరి కాదని రెండోసారి తిరిగి వస్తుంటే తెలిసింది. నాకు ఆ దారి కావాలి. కాలవ మీది గాలి కుడి చెవికి కొట్టాలి. మళ్ళిన పొద్దు వీపు మీదికి రావాలి. సీటు కింద నుంచి ఆ ఇంజను అదురు అరికాళ్ళకి తగలాలి. ఈ మాట ఎవరితోనూ అనలేదు. డెబ్బై ఒకటో ఏట అనదగ్గ మాట కాదు.

అనకపోయినా మా అమ్మాయి కనిపెట్టింది. అది కాకినాడలో బ్యాంకులో పనిచేస్తుంది. కాలేజీ రోజుల్లో వాళ్ళ నాన్న దగ్గర బండి నేర్చుకుంది. ఇప్పుడు నలభై ఆరేళ్ళు. ఒక ఆదివారం వచ్చి దుప్పటి తీసి, బండి తుడిచి, ఇంజను బాగుచేయించి తెచ్చి, "నేను తీసుకెళ్తానే కోటిపల్లి, దీని మీద," అంది.

"సరేలే, చూద్దాం," అన్నాను.

"చూసేదేం లేదు. టైర్లు రెండూ మార్చాలి. మార్చందే నిన్ను ఎక్కించుకోను."

వాదన అక్కడ మొదలైంది. టైరు కొనడం నాకు భారమై కాదు. అది ఆయన వేయించిన టైరు. ఆ పదకొండు వేల నాలుగు వందల్లో నా ఆదివారాలు ఉన్నాయి. ఆ మాట చెప్పలేక సగటు చెప్పాను.

మూడో ఆదివారం దానితో పాటు టైర్ల కొట్టుకి వెళ్ళాను. అది బండి మెల్లగా తోసుకుంటూ, నేను పక్కన నడుస్తూ. కొట్టు మెయిన్ రోడ్డు మీదే ఉంది గాని అంతకుముందు నేనెప్పుడూ లోపలికి అడుగుపెట్టలేదు. టైరు పని ఆయనే చూసుకునేవారు. మార్పించి వచ్చి అంకెలు చెబితే నేను రాసేదాన్ని. కంపెనీ పాతిక వేలు వస్తుందన్న టైరు పదిహేడు వేలకే ఎందుకు పోతోందని ప్రతిసారీ అడిగేదాన్ని.

"నా కాలు బరువోయ్. బ్రేకు ఎక్కువ తొక్కుతాను. రాసుకో," అనేవారు.

నేను రాసుకునేదాన్ని. కారణం గడిలో నాలుగు చోట్లా 'బ్రేకు' అనే ఉంది. అంతటితో ఊరుకోకుండా, గేటు దగ్గర ఆయన బండి ఆపినప్పుడల్లా, "నెమ్మదిగా తొక్కండి, టైరు తినేస్తున్నారు," అని సాధించేదాన్ని కూడా.

కొట్టాయనకి యాభై దాటి ఉంటాయి. మా ఆయన్ని ఎరుగును. నాకు కుర్చీ వేసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైరు పక్కన చతికిలబడి గోరుతో నొక్కాడు.

"ఇది అయిపోయిందండి, అమ్మగారూ."

"ఎలా అయిపోతుంది? ఇంకా ఐదు వేల ఏడు వందలు రావాలి."

"ఆయ్, తిరిగితే వత్తాయండి. ఇది తిరగలేదు కదండీ. రబ్బరు కూకుని కూకుని ఎండిపోయింది. ఇదిగో, పక్కన ఎలా బీటలిచ్చిందో చూడండి." వేలితో టైరు పక్క తుడిచి చిన్న గుండ్రటి గీతలో ఉన్న నాలుగు అంకెలు చూపించాడు. "ముందు రెండూ వారమండి, ఎనకాల రెండూ సంవత్సరం. ఇది పుట్టిన తారీకన్నమాట. రబ్బరుకి కిలోమీటర్లే కాదండి, వయసు కూడా ఉంటాది."

నేను కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఇరవై రెండేళ్ళుగా ఆ బండి తేదీలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. టైరు మీదే తేదీ ఉంటుందని నాకు తెలియదు.

తెలిశాక మాత్రం ఊరుకోలేదు. కొట్టాయన లోపలినుంచి తెచ్చిన మొదటి టైరు తిప్పించి చూశాను. "ఇది పుట్టి రెండేళ్ళు దాటింది. వద్దు."

"కొత్తదేనండి బాబూ, కాగితం కూడా ఇప్పలేదు."

"వయసు ఉంటుందని మీరేగా చెప్పారు."

రెండోది పద్దెనిమిది నెలలది. అదీ వద్దన్నాను. ఆయన మా అమ్మాయి వంక చూశాడు. "ఏంటండీ ఇది, పెళ్ళి సంబంధం చూత్తున్నారా మీ అమ్మగారు?"

"జాతకం కూడా అడుగుతుంది. త్వరగా మంచిది తీయండి," అంది మా అమ్మాయి.

మూడోది ఆ వేసవిలో తయారైంది. సరేనన్నాను. కానీ అందులోనూ రెండు రకాలున్నాయట. ఒకటి పాతదానిలాగే లోతు గళ్ళది, గట్టి రబ్బరు, చాలా కాలం వస్తుంది. రెండోది గళ్ళు తక్కువ, మెత్తన. త్వరగా అరుగుతుంది గాని తారు రోడ్డు మీద, తడిలో, బాగా పట్టుకుంటుంది.

"బాబుగారు ఎప్పుడూ గళ్ళదే ఏయించేవోరండి, చేల గట్ల మీదికి ఎళ్ళాలి కదా అని," అన్నాడు కొట్టాయన. "మరి ఇప్పుడు చేలోకి ఎవరెళ్తారండి?"

ఎవరూ వెళ్ళరు. అది నాకూ తెలుసు. మరొకరి నోట వినేసరికి చేతిలో ఉన్న టైరు కాగితం మీద అక్షరాలు కాసేపు కనబడలేదు. మా అమ్మాయి రోడ్డువైపు చూస్తూ నిలబడింది. కోతల రోజులు, ఊరి బయట రోడ్డంతా సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఆ గింజల మీదికి చక్రం ఎక్కితే ఎలా జారుతుందో నాకు గుర్తుంది.

"మెత్తనిదే వేయండి," అన్నాను. ఎక్కువ కిలోమీటర్లు రాని టైరుని నా నోటితో నేను అడగడం అదే మొదలు. ముందు చక్రానికి నిలువు గీతలదే మళ్ళీ వేయించాం. ట్యూబులు కూడా కొత్తవే. పాత ట్యూబు కొత్త టైరులో మడత పడుతుందట.

కొట్టాయన వెనక చక్రం ఊడదీసి, పాత టైరుని రిమ్ము నుంచి తప్పించి, నేల మీద నిలబెట్టి అరచేత్తో దొర్లించాడు. అది తిన్నగా పోకుండా కుడికి వంగి, గోడకి తగిలి ఆగింది. మళ్ళీ తెచ్చి వెలుతురులోకి తిప్పి చూశాడు.

"ఇదిగో, మొత్తం కుడి పక్కే అరిగిందండి. ఎడం పక్క గళ్ళు చూడండి, ఎంత ఎత్తున్నాయో. బాబుగారి టైర్లన్నీ ఇంతే. ఈ పాటికి ఏ టైరు ఆయనదో కళ్ళు మూసుకుని చెప్పేత్తాను."

"బ్రేకు వల్లేనా?" అన్నాను.

"బ్రేకుకి మజ్జలో అరుగుద్దండి, పక్కన కాదు. ఇది ఎనకాల ఒకేపు కూకున్నవాళ్ళ బరువండి. వాళ్ళు ఎడంపక్కకి లాగుతుంటే నడిపే మనిషి కుడిపక్కకి కాసుకోవాల. లేకపోతే బండి కాలవలోకి పోద్ది." నవ్వి, నా చీర వంక చూసి, "మీరే కదండీ?" అన్నాడు. "కాళ్ళు ఇటూ అటూ ఏసుకోమని చెప్పండి బాబూ, రెండు పక్కలా సమానంగా అరుగుద్దని బాబుగారితో నేను ఎన్నిసార్లో అన్నానండి. ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు, తను భయపడి బండెక్కడం మానేత్తాది అనేవోరు."

కొట్టులో ఏదో యంత్రం గాలి పడుతూ చప్పుడు చేస్తోంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

నాకు రెండు బొమ్మలు కనబడ్డాయి. రెండూ వేలసార్లు చూసినవే. ఒకటి, పొద్దున్న ఆయన ఒక్కరే పనికి వెళ్తుంటే గేటు దగ్గర నుంచి నేను చూసే వీపు. అది గీత గీసినట్టు నిటారుగా ఉండేది. రెండోది, ఆదివారం నా కళ్ళ ముందు ఉండే వీపు. అందులో కుడి భుజం ఎప్పుడూ రెండంగుళాలు కిందికి ఉండేది. నా చెయ్యి ఆ భుజం మీదే. ఆదివారం కదా, తీరిగ్గా ఒరిగి కూర్చున్నారనుకున్నాను. ఆదివారం రాత్రి ఆయన కుడి నడుముకి మందు రాసింది నేనే. వారమంతా మళ్ళలో వంగిన నొప్పి అనుకున్నాను. అన్ని అంకెలు కూడినదాన్ని, ఆ రెండు వీపుల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆ రోజే కోటిపల్లి వెళ్ళాం. కొత్త టైర్లు మొదట్లో కాస్త జారుతాయి, మెల్లగా పోనివ్వండని కొట్టాయన చెప్పాడు. మా అమ్మాయి నన్ను ఇటూ అటూ కాళ్ళు వేసుకుని కూర్చోమంది. నాకు కుడి మోకాలు అంత ఎత్తు లేవదు. పాత తీరునే ఎక్కాను. పలక మీద పాదాలు పెట్టాక ఆ అదురు అరికాళ్ళకి తెలిసింది. మూడేళ్ళుగా నేను ఎదురుచూసింది దానికోసమే.

ఊరు దాటి కాలవ పక్కకి రాగానే మా అమ్మాయి కేకవేసింది. "అమ్మా! బండి ఎడమకి లాగేస్తోంది. ఇటు జరుగు కొంచెం!"

జరిగాను.

"ఇంకొంచెం! ఏంటమ్మా, నాన్న ఎలా మోశారే నిన్ను?"

కమ్మీ వదిలేసి, నడుము కుడికి తెచ్చుకుని, నా బరువు నేనే కాసుకోవడానికి చూశాను. ద్రాక్షారామం వచ్చేసరికే నాకు పక్క ఎముకలు లాగాయి. ఏడు కిలోమీటర్లు. ఆయన రానూ పోనూ ముప్పై ఆరు చేసేవారు, ప్రతి ఆదివారం.

ద్రాక్షారామం దాటాక రోడ్డు ఎడమ సగమంతా ధాన్యం పరిచి ఉంది. మా అమ్మాయి కుడి సగంలోకి తీసుకుంది. అంచున కాసిని గింజలు చక్రం కింద పడ్డా టైరు జారలేదు. ఎప్పుడు మొదలైందో గమనించలేదు గాని, చూసేసరికి నా చేతి కింద మా అమ్మాయి భుజం రెండంగుళాలు కిందికి ఉంది. దానికి ఎవరూ చెప్పలేదు. బండే నేర్పినట్టుంది.

"బరువుగా ఉన్నానా?" అని దాని చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"ఉన్నావు! కదలకుండా కూర్చో!"

ఆయన్ని ఒక్కసారైనా అడగలేదు ఈ మాట. అడిగి ఉంటే లేదోయ్ అనేవారు. నేను అది కూడా నమ్మి రాసుకునేదాన్ని.