గిడ్డంగి గోడ మీద మసి

నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదు, మీకు తెలుసు. ఫోన్లో నీ మాట వినపడలేదవ్వా అని మీరే అంటారు. అయినా ఈ సంగతి చెప్పకుండా ఉండలేను బిడ్డలారా, కడుపు మండతా ఉండాది.

మీ చిన్నాయన కోయంబత్తూరులో బాడిగకి ఇల్లు తీసుకున్నాడు. పాత పత్తి గిడ్డంగుల్ని పడగొట్టకుండా, లోపల మాత్రం మార్చి లగ్జరీ ఫ్లాట్లు చేసినారంట. "లిఫ్టు ఉండాదిమా, నీ మోకాళ్ళకి మంచిది" అన్నాడు. సరే అని పోయినాను.

తీరా చూస్తే మా నాయన పత్తి మూటలు దించిన గిడ్డంగే. బండిలో మూటల పైన కూర్చోని నేనూ వచ్చేదాన్ని. ఆ ఏటి మొదటి మూట లోపలికి పోయే ముందు మా అమ్మ వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, ఇత్తడి చెంబులో పాలు పొంగించేది. పాలు పొంగి కారినాకే మూట లేచేది. మన ఇండ్ల ఆడోళ్ళందరూ అంతే.

ఇప్పుడు ఆ మూటలు తూచిన ఇనప తరాజుకి లైట్లు చుట్టి హాల్లో వేలాడదీసినారు. మేనేజరు మీ వయసువాడే. నన్ను పాట్టీ, అంటే అవ్వా అని పిలస్తా, అరవంలో అన్నీ వివరిస్తా, వాకిలి పక్కన ఇటుక గోడ చూపించినాడు. గోడ మీద నల్లటి మసి, దాని పైన గాజుపలక. "ఒరిజినల్ పాట్టీ. మేము తుడవనే లేదు."

ఆ మసి ఏందో నాకు తెలుసు.

ఇంట్లోకి పోయి మా అమ్మ చెంబులో పాలు పోసి పొయ్యి మీద పెట్టినాను. కరెంటు పొయ్యి. ఎంతసేపటికీ పాలు చల్లగానే ఉండాయి.

"అది ఇత్తడికి వేడెక్కదుమా, స్టీలు గిన్నె పెట్టు" అన్నాడు మీ చిన్నాయన.

స్టీలు గిన్నెలో పాలు అంచుదాకా లేచినాయి. ఒక చుక్క కారంగానే పొయ్యి కుయ్యిమని ఆరిపోయింది.

"పొంగినట్టేలేమా."

"పొంగినట్టే అంటే పొంగలేదనే కదరా. పాలు పొంగని ఇంట్లో నేను పడుకోను."

చెంబు నిండా పాలు తీసుకోని కిందికి దిగినాను. వాకిట్లో పొయ్యి పెట్టబోతే మేనేజరు పరిగెత్తుకోని వచ్చినాడు. "ఇక్కడ నిప్పు కూడదు పాట్టీ. హెరిటేజి గోడ, పొగ పడతాది."

"గాజు బిగించి చూపిస్తా ఉండావే, ఆ మసి ఎవరిది నాయనా? మా అమ్మ పెట్టిన పొయ్యిది. మా మసి కావాల, మా పొయ్యి వద్దా?"

"రూల్సు పాట్టీ."

"వదిలేయిమా, అందరూ చూస్తా ఉండారు" అన్నాడు నా ఎనకాలే దిగొచ్చిన మీ చిన్నాయన.

"చూడనీ" అన్నాను.

గేటు దాటి రోడ్డు మీదికి పోయినాను. రోడ్డు వాళ్ళది కాదు కదా. ఎదురు టీ అంగడి ఆయమ్మ ఇటుకలూ, ఎండు కొబ్బరి మట్టలూ ఇచ్చింది. ఆ ఇటుక గోడకే బయటి పక్క పొయ్యి పెట్టినాను. చెంబు నిండా పొంగి, పాలు తూర్పుకి కారినాయి. పొగ పోయి ఆ గోడకే తగిలింది.

మేనేజరు తడిగుడ్డ తెమ్మని ఎవరినో కేకేసినాడు.

"ఉండనీ నాయనా" అన్నాను మెల్లగా. "నీ మనవడు దీనికీ గాజు బిగిస్తాడు."

టీ అంగడి ఆయమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఇంకా రాలేదు. కాలే చెంబుని కొంగుతో పట్టుకోని లిఫ్టు ఎక్కినాను.