మొదటి పిలుపుకు పలకని మా అత్త

మా అత్త పోయిందన్న కబురు తెచ్చిన మనిషిని నేను వాకిట్లోనే నిలబెట్టాను. మా అమ్మకు ఒంట్లో బాగాలేదని అప్పుడు విరుదునగర్‌లో పుట్టింట్లో ఉన్నాను. నేను బయలుదేరినప్పుడు అత్త గట్టిగానే ఉంది. ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"నిన్ను ఎవురు పంపినారు? మా ఎనుము కొమ్ములు ఎట్ల ఉండాయి, చెప్పు" అన్నాను.

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఒక కొమ్ము విరిగిండాదమ్మా. మీ ఇంటాయనే పంపినాడు. మిరపకాయలు ఆరబోస్తా అట్లనే ఒరిగిపోయిందంట."

అప్పుడు ఏడ్చాను. "సావు కబురు తెచ్చినోన్ని ఇట్లనా అడిగేది?" అని లోపల నుంచి మా అమ్మ కసిరింది. మా అత్త ఉంటే మాత్రం ఆ ప్రశ్నకు నన్ను మెచ్చుకునేది.

ఊరంతా ఆమెను అనుమానపు మనిషి అనేది. అది అబద్ధం కాదు. కానీ ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో, అది మా ఇంటికి ఏం చేసిందో, ఆమెకు ఏం చేసిందో చూసినదాన్ని నేను. చదివేవాళ్ళకు అది చెప్పాలనిపించింది.

పుదూరుకూ ఏళాయిరంపన్నైకీ మధ్య, ఒక పెద్ద చెరువును ఆనుకుని మా ఊరు. చెరువు కింద కాస్త వరి, మిగతాదంతా వానను నమ్ముకున్న నల్లరేగడి. నేను కోడలిగా వచ్చిన ఏడాదే చెరువు అవతలి నల్లతుమ్మ అడవిలో తుపాకులు పట్టినవాళ్ళు చేరారు. శిస్తు కట్టలేక భూములు పోగొట్టుకున్నవాళ్ళు కొందరు, దొరల ప్రభుత్వం మీద కసితో వచ్చినవాళ్ళు కొందరు. మా ఊళ్ళో వాళ్ళను 'అవతలివాళ్ళు' అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఇవతల కట్ట పక్కన పత్తి కొట్టులో విరుదునగర్ నుంచి వచ్చిన పోలీసులు దిగారు. అవతలివాళ్ళకు గంజి పోసిన ఇంటిని పోలీసులు పట్టుకునేవారు. పోలీసులతో మాట్లాడినవాడి గడ్డివాము తగలబడేది. బయట అరవం, ఇంట్లో మన మాట మాట్లాడుకునే మా జనం ఆ రోజుల్లో ఇంట్లో కూడా మాటలు తగ్గించుకున్నారు.

మా అత్తకు ఒక్కడే తమ్ముడు. ఒకరోజు పొలంలో నాగలి వదిలేసి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఎక్కడికి వెళ్ళాడో అందరికీ తెలుసు. ఎవరైనా అడిగితే అత్త మాత్రం "కొళంబుకు పోయినాడు, సిలోను తేయాకు తోటకు" అనేది. నాతో కూడా అదే చెప్పింది.

ఎవరైనా వాకిట్లో నిలబడి పిలిస్తే ఆమె మొదటి పిలుపుకు పలికేది కాదు. నన్నూ పలకనిచ్చేది కాదు. "రెండోసారి పిలిచేటప్పుడు గొంతులో నిజం తెలుస్తాది" అనేది. సాయంత్రం వాకిలి తనే ఊడ్చి, పొద్దున లేవగానే మన్నులో కొత్త అడుగులు ఉన్నాయేమోనని వంగి చూసేది. "చెరువుకు కట్ట ఉంటే చాలదే, నోటికీ ఉండాల" అని నాకు రోజూ చెప్పేది. కొత్త కోడల్ని, ఆ పోలీసులు ఏ ఊరి నుంచి వచ్చారో ఆ ఊరి పిల్లని. మొదట్లో నా మీదా ఆమెకు నమ్మకం లేదు.

చెరువు నిండుగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాలికి గుడ్డ కట్టుకున్న ఒక కుర్రవాడు కుంటుకుంటూ వచ్చాడు. మన మాటే మాట్లాడాడు. "అక్కా, అవతలనుండి వొచ్చినా. రెండు దినాలు దాచిపెట్టు." నేను లోపలికి రమ్మనబోయాను. అత్త నా చెయ్యి పట్టి ఆపి, వీధిలోకి నడిచి గొంతెత్తింది.

"ఓ వొదినా! ఓ మామా! ఎవురో మనవాడు కాలు నొప్పితో వొచ్చుండాడు. ఎవురింటి సుట్టమో వొచ్చి సూడండి!"

వీధి వీధంతా వచ్చింది. అందరి ముందూ అతనికి గంజి పోసింది, ఉల్లిపాయ ఇచ్చింది. అతను తలెత్తకుండా తాగి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు అదే కుర్రవాడు పత్తి కొట్టు ముందు పోలీసు నిక్కరులో కనబడ్డాడు, కుంటు లేకుండా. పక్క ఊళ్ళో అతన్ని అటక మీద దాచిన ఇంటి పెద్దను అప్పటికే సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. ఊరు మా అత్తను పొగిడింది. "పొగిడేవాళ్ళల్లో ఎవురు ఏందో" అని ఆమె లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.

మిరపకాయలు ఆరబోసే కాలంలో ఇంకొకడు వచ్చాడు, ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని. ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, నీ తమ్మునికి జొరం. నిన్ను సూడాలంటా ఉండాడు."

"నా తమ్ముడు కొళంబులో ఉండాడు."

"సిన్నప్పుడు వాన్ని ఈపున మోసుకోని చెరువు దాటితివంట. ఆ మాట చెప్తే నమ్ముతావని వాడే చెప్పినాడక్కా."

అత్త ముఖం తెల్లబోయింది. గుంజ పట్టుకుంది. తర్వాత ఆమె వీధిలోకి తిరిగి, "ఓ వొదినా!" అని గొంతెత్తింది. ఆ మనిషి మూట అక్కడే వదిలి పరుగెత్తాడు.

"అత్తా, నిజమేమో" అన్నాను.

"కొడితే ఏ మాటైనా చెప్పిస్తారే" అంది. ఆ పూట కూడు ముట్టలేదు.

తమ్ముడు తుమ్మ అడవిలోనే జ్వరంతో పోయాడని తర్వాత గాలివార్తలు వచ్చాయి. ఆమె నమ్మలేదు. తుపాకులు ఆగిపోయి, పత్తి కొట్టులో మళ్ళీ పత్తి పడిన తర్వాత కూడా "కొళంబు" అనే అనేది.

కొన్నేళ్ళకు, చెరువు ఎండిన ఒక ఎండాకాలంలో ఆ ఉప్పు మూట మనిషే జైలు నుంచి విడుదలై వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది. వాకిట్లో రెండుసార్లు పిలిచాడు. అత్త అతన్ని గుర్తుపట్టి, లోపలికి పిలిచి, ఆకు వేసి అన్నం పెట్టింది. తిన్నాక అడిగింది.

"నువ్వు ఆ పొద్దు నిజమే చెప్తివా?"

"నిజమేనక్కా. మూడో దినం పోయినాడు."

"నేనే నమ్మకపోతిని."

"నమ్మకపోయిందే మేలు. నా ఎనక ఇద్దరు పోలీసులు వొస్తా ఉండిరి. నువ్వు కదిలింటే ఈ ఇల్లే పోయుండును."

అత్త అతని కళ్ళల్లోకి చూసింది. "ఇది నిజమా, నన్ను ఓదార్చేదానికి చెప్తా ఉండావా?"

అతను ఆకు మడిచి లేచాడు. చెయ్యి కడుక్కుని, అవతలి తుమ్మల కింద తమ్ముణ్ణి పూడ్చిన చోటు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె నా పక్కన కూర్చుంది. "వాడు చెప్పింది నిజమంటావా?" అంది. పెళ్ళయి అన్నేళ్ళకు ఆమె నా నమ్మకాన్ని అడగడం అదే మొదటిసారి.

"నిజమే అత్తా" అన్నాను. నాకూ తెలియదు. నా ముఖం వంక చూసి, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ తర్వాత ఇంటి తాళాలు నా దగ్గరే ఉన్నాయి. నా పిల్లలు ఈ రోజు ఒక కప్పు కింద ఉన్నారంటే ఆమె అనుమానం వల్లనే, అది నేను మరవను. దానికి ఆమె ఇచ్చుకున్నదేమిటో కూడా మరవను.

మర్నాడు పొద్దున నన్ను కట్ట మీదే ఉండమని ఆమె చెరువులోకి దిగింది. పగుళ్ళు పట్టిన బురద మీద, చెప్పులు చేతిలో పట్టుకుని, అవతలి ఒడ్డుకు నడిచింది. తెల్లకోక చిన్నదవుతూ, ఎండలో చలిస్తూ తుమ్మల దగ్గర ఆగింది. కూర్చుంది. మేకలు వచ్చి ఆమె చుట్టూ రాలిన కాయలు ఏరుకు తింటున్నాయి. ఆమె వాటిని తోలలేదు. ముందుకు వంగి, నేల మీద అరచెయ్యి ఆనించింది. ఏమైనా మాట్లాడుతోందో లేదో, కట్ట మీద నుంచి నాకు తెలియలేదు.