గోడ వెనక పని

ప్లంబరు భుజం పట్టేసి ఆరు నెలలయింది. నిచ్చెన మీంచి జారిపడ్డప్పటి నుంచి కుడి చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. కుళాయిలు మార్చడం లాంటి పైపై పనులు ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఇరుకులో దూరి చేసే పని వస్తే మాత్రం "ఈ వారం ఖాళీ లేదండీ" అని తప్పించుకుంటున్నాడు.

అతని భార్య ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఆయన పడ్డాక సామాను సంచి మోస్తూ వెంట వెళ్లడం మొదలుపెట్టింది. ఏ పానా కావాలో అడగకముందే చేతికందించేంత అలవాటైంది.

ఒకరోజు ఓ పాత అపార్టుమెంటు నుంచి టీచరమ్మ ఒకావిడ ఫోన్ చేసింది. స్నానాల గది గోడ వెనక వాల్వు కారి, కింది ఇంటి పైకప్పు పెచ్చులూడుతోందట. తప్పించుకోవడానికి లేకపోయింది. ఇద్దరూ వెళ్లారు. గోడలో మూరెడు వెడల్పు తలుపు. దాని వెనక నిలువునా పైపులు, మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందు.

ప్లంబరు తల లోపల పెట్టి చూసి, బయటికి తీశాడు. కుడి భుజం నొక్కుకున్నాడు.

"నేను వెళ్తానండీ," అంది భార్య.

"నీకేం తెలుసే?"

"తెలీనిది మీరు చెప్పండి."

టీచరమ్మ అడ్డంగా ఉన్న బకెట్టు పక్కకు జరిపింది.

ప్లంబరు మేడెక్కి నీళ్లు కట్టేసి వచ్చాడు. ఆమె కొంగు బొడ్లో దోపుకుని దూరింది. వాల్వు మోచేతికి వెనగ్గా ఉంది, కంటికి కనబడదు. పాతది ఊడదీయడానికే గంట పట్టింది. కొత్తది ఎక్కించబోతే మర అడ్డంగా పడుతోంది.

"గట్టిగా తిప్పు!" అని బయటి నుంచి ఆయన.

ఆమె తిప్పలేదు. సీసా మూత కుదరనప్పుడు చేసినట్టే, ముందు కాస్త వెనక్కి తిప్పింది. టిక్కుమని మర కుదురుకుంది. ఆ తర్వాత సాఫీగా ఎక్కింది. వాల్వుకు పైపును కలిపే పాత కనెక్టరు కూడా బిగించింది. ఆయన వెళ్లి నీళ్లు వదిలొచ్చాక కనెక్టరు దగ్గర వేలికి చెమ్మ తగిలింది. ఆ మాటే బయటికి చెప్పింది.

"బిగించు, ఇంకా బిగించు!"

"ఇంతకంటే బిగిస్తే వాషరు చితికిపోతుంది. లోపలేదో అడ్డముంది. నీళ్లు కట్టెయ్యండి."

ప్లంబరుకు ఒళ్లు మండింది. పాతికేళ్లుగా చేస్తున్న పని తనది. అయినా గొణుక్కుంటూనే మళ్లీ మెట్లెక్కాడు. ఆమె కనెక్టరు విప్పి అంచంతా తడిమింది. పాత వాషరు ముక్క ఒకటి అతుక్కుపోయి ఉంది. పిన్నీసుతో గీకి, కొత్త వాషరుతో మళ్లీ బిగించింది. నీళ్లు వదిలి, పొడిగుడ్డ చుట్టి అరగంట చూశారు. గుడ్డ పొడిగానే ఉంది.

బయటికొచ్చేసరికి ఆమె మొహమంతా తుప్పు. టీచరమ్మ తువ్వాలు అందించింది.

తిరిగి వెళ్తూ బస్టాపు దగ్గర ఆయన, "నేనైతే బిగించి బిగించి విరగ్గొట్టేవాణ్ణి," అన్నాడు.

"మనింట్లో రెండు విరగ్గొట్టారు కదా," అందామె.

ఆయనకు నవ్వాగలేదు.

ఆ వారమే ఆయన పాత ప్యాంట్లు రెండు తన కొలతకు సరిచేసుకుంది. కొలతలు తీయడం, పైపు కోయడం ఆయన వంతు, లోపలి పని ఆమె వంతు అయింది. కొత్త ఇంటికి వెళ్తే "మేస్త్రీ ఎవరండీ?" అని అడిగేవారు.

"గోడ వెనకుందండీ," అనేవాడు ప్లంబరు.

"కబుర్లాపి ఆ టార్చి ఇటు పట్టండి," అని లోపల్నుంచి వినబడేది.