బాపు గుండెలో నల్లటి సున్నా

ముప్పై ఏళ్ల బీడీలు చేయలేని పనిని నేను రెండు రోజుల్లో దాదాపు చేసేశాను. అంటే, మా బాపు గుండెను ఆపినంత పని! చదివి నవ్వుకోండి కానీ, మా అమ్మ దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి.

అవి ఎనభైల చివరి రోజులు. బాపు బస్సు డిపోలో మెకానిక్. నడిచి నయాపూల్ వంతెన దాటేసరికి ఛాతీ బరువెక్కి ఆగిపోయేవాడు. డాక్టర్ థాలియం స్కాన్ రాశాడు. "గుండెకు రక్తం ఎక్కడ తక్కువైతుందో, ముందు ముందు ఎంత ముప్పుందో ఇందుల తెలుస్తది. ఆపరేషనా, గోలీలా అన్నది అప్పుడు చెప్త" అన్నాడు.

కదిలే పట్టా మీద బాపును పరుగెత్తించి, నరానికి మందెక్కించి, ఫొటోలు తీశారు. కొన్ని గంటలాగి మళ్లీ తీశారు. శుక్రవారం ఫిల్మ్ చేతికిచ్చారు. డాక్టరేమో సోమవారం గానీ రాడు.

అక్కడున్నవాళ్లను ఒక్క ముక్క అడిగితే పోయేది. కానీ నేను అడిగే రకమా? బస్సులో నా స్టాపొచ్చినా "ఆపండి" అనలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచే పిల్లను! అందుకని అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి వెళ్లి లావుపాటి వైద్య పుస్తకం తెరిచాను. రక్తం అందిన చోట వెలుగు, అందని చోట నలుపు. రెండోసారి తీసిన బొమ్మలోనూ నలుపు అలాగే ఉంటే ఆ భాగం చచ్చినట్టే. రెండు పేజీలు చదివేసరికి మూసేవేళ గంట కొట్టారు.

ఇంటికొచ్చి ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టాను. పళ్లెంలో పేర్చిన గారెల్లా వరసగా బాపు గుండెలు. ప్రతి గారె నడుమా నల్లటి సున్నా! మొదటిసారి తీసిన వరసలోనూ అంతే, రెండోసారి తీసిన వరసలోనూ అంతే.

"బాపు గుండె మధ్యలో ఏమీ మిగలలేదు" అని డైరీలో రాసుకున్నాను. సిరా అంతా కన్నీళ్లకు అలుక్కుపోయింది.

ఎవరికీ చెప్పే ధైర్యం లేదు. ఉన్న నాలుగు రోజులైనా తృప్తిగా తిననీ అనుకుని, శనివారం వంట నేనే అందుకున్నాను. బగారన్నం, వేయించిన మటన్.

"ఏంది బిడ్డా, ఇయ్యాల పండుగా?"

"తిను బాపూ."

"నిన్నటిదాంక ఉప్పులేని పప్పు పెట్టి సంపితిరి గదనే!"

"ఇంకొంచెం నెయ్యి ఏస్త."

అమ్మ గయ్యిమంది. "డాక్టర్ వద్దన్నడు గదా! నీకు దిమాఖ్ గిట్ల ఖరాబైందా?"

నేను వెళ్లి అప్పడాలు తెచ్చాను. ఆదివారం మిర్చి బజ్జీలు, తీపికి డబుల్ కా మీఠా. "ఖుబానీ కా మీఠా గూడ అడుగుదునా?" అన్నాడు బాపు మొహమాటంగా. ఆఖరి కోరిక కాబోలని ఏడుస్తూ అదీ చేశాను.

సోమవారం డాక్టర్ ఫిల్మును దీపం పెట్టె మీద పెట్టి తలాడించాడు. "బిల్కుల్ సాఫ్! రెండు వరసలు ఒక్క తీరుగనే ఉన్నయి. ముప్పు తక్కువ. ఆపరేషన్ వద్దు, గోలీలు చాలు."

నా జీవితంలో మొదటిసారి నోరు దానంతటదే తెరుచుకుంది. "మరి నడిమిట్ల ఆ నలుపు ఏంది సార్?"

"అది గుండె లోపలి గది తల్లీ. మెరిసేటివి గోడలు, గది నల్లగనే ఉంటది. అందరికి గట్లనే ఉంటది. నాకు గూడ."

అమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. రెండు రోజుల వంటకు కారణం ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ చూపును ఏ కెమెరా తీసినా ఫిల్మ్ కాలిపోయేది.

ఇంతలో డాక్టర్ బాపును కాటా ఎక్కించి ముఖం చిట్లించాడు. "బరువు గింత ఎందుకు పెరిగింది?"

బాపు కాటా దిగి, ఎంతో వినయంగా అడిగాడు.

"డాక్టర్ సాబ్, ఈ పరీక్ష మళ్ల ఎప్పుడు చేస్తరు?"

మర్నాడే గ్రంథాలయానికి వెళ్లి మూడో పేజీ చదివాను. నడిమి నలుపు సంగతి మొదటి వాక్యంలోనే ఉంది. అక్కడే డైరీ తీసి ప్రమాణం రాసుకున్నాను: మూడో పేజీ సాక్షిగా, పుస్తకం పూర్తిగా చదవనిదే ఇక ఎవరి గుండెనూ కిటికీకి ఎత్తి చూడను. చూసినా, పొయ్యి మాత్రం వెలిగించను.