ద్వీపంలో నేనిచ్చిన మూడు పేజీల అర్జీ

కరీబియన్ సముద్రంలోని ద్వీపానికి విహారానికి వెళ్లి, అయిదు రోజుల్లో ఆరు పౌన్లు చిక్కి వచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? అక్కడికి వెళ్లినవాళ్లందరూ రంగు మారి వస్తారు. నేనూ మారాను గాని ఎండకు కాదు, భయానికి. నేను చెప్పబోయే విపత్తులో తుఫాను లేదు, సొరచేప లేదు, దొంగలు లేరు. ఉన్నదల్లా నేను. నేనొక్కణ్నే సరిపోయాను.

ఎనభైలు మొదలైన కొత్తలో మాట. నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని రెండేళ్లయింది. నేను రోజూ రైలెక్కి షికాగోలో ఇంజనీరు ఉద్యోగానికి వెళ్లి వచ్చేవాణ్ని. నా భార్య సుగుణ ఆసుపత్రిలో నర్సు. గుంటూరు కాలేజీలో నాతో చదివిన రత్నం, అతని భార్య ఎలిజబెత్ మాకు పది నిమిషాల దూరంలో ఉండేవాళ్లు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో తెలుగు ప్రార్థన కూడిక, ఆ తరవాత కోడికూర. కిటికీ బయట మోకాలి లోతు మంచు పడి ఉన్న ఒక ఫిబ్రవరి ఆదివారం, ఆ కోడికూర దగ్గరే ఈ కథ పుట్టింది.

"ఈ చలి ఇంక నావల్ల కాదురా ప్రభాకర్. ఎక్కడికన్నా వెచ్చటి చోటుకి పోదాం" అన్నాడు రత్నం.

నా జేబులో ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన రంగుల కాగితం సిద్ధంగా ఉంది. వర్జిన్ ఐలాండ్స్. అందులోనూ అమెరికాకు చెందిన ద్వీపం. తెల్లటి ఇసుక, నీలం నీళ్లు, ఊయలలో పడుకుని ఏ చింతా లేని ఒక దంపతుల బొమ్మ. నలుగురం ఆ బొమ్మ వంక చూసి మంగళవారం వెళ్లి శనివారం వచ్చేద్దామనుకున్నాం. ఆ వచ్చే సోమవారం నుంచే సుగుణ తన వార్డుకు హెడ్ నర్సు. ఆరేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం అది.

"మన గ్రీన్ కార్డులవీ పట్టుకెళ్లాలేమో అన్నయ్యగారూ" అంది ఎలిజబెత్.

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరేం అడిగినా "తెలీదు" అనే మాట నోట్లోంచి వచ్చేది కాదు. దారి అడిగినవాళ్లకు కూడా, దారి తెలియకపోతే, కనీసం ఒక దిక్కయినా చూపించి పంపేవాణ్ని.

"చెల్లెమ్మా, నువ్వు విస్కాన్సిన్ వెళ్లేటప్పుడు గ్రీన్ కార్డు పట్టుకెళ్తావా?"

"లేదండీ."

"ఇదీ అంతే. అమెరికాలోంచి అమెరికాకి. మధ్యలో కాసిని నీళ్లున్నాయి, అంతే తేడా."

"ఎందుకైనా మంచిది, పట్టుకెళ్దామండీ. బరువా ఏమన్నానా?" అంది సుగుణ.

"బరువు కాదు సుగుణా, లాజిక్. బీచ్‌లో తడిస్తే? ఎవడన్నా కొట్టేస్తే? బ్యాంకు లాకర్లో ఉన్నవాటిని అక్కడే ఉండనీ."

అట్లాసు తెరిచి గంటసేపు వాదించాను. చివరికి సుగుణ "సరే, మీ ఇష్టం" అని వంటింట్లోకి వెళ్లింది. పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రెండు మాటల్లో మొదటిదానికి సరే అని అర్థం కాదు, రెండోదానికి మన ఇష్టమనీ కాదు. అప్పటికి ఆరేళ్లుగా కాపురం చేస్తున్నా నాకు ఆ వ్యాకరణం పట్టుబడలేదు.

ద్వీపంలో దిగగానే వెచ్చటి గాలి ఒళ్లంతా తడిమింది. చింతచెట్లు, కొబ్బరిచెట్లు, రోడ్డు మీద తీరిగ్గా నడిచే మేకలు. కార్లు మన దేశంలోలాగే రోడ్డుకి ఎడమ పక్క పోతున్నాయి. టాక్సీ అంటే బెంచీలు వేసిన, పక్కలు తెరిచిన వ్యాను. వాళ్లు ముగ్గురూ వెనక కూర్చున్నారు. దారి చూపించడం నా జన్మహక్కు కాబట్టి నేను ముందు, డ్రైవరు పక్కన. పెద్దాయన. మాటకారి.

"మీరు ఇక్కడ పుట్టినవాళ్లు కారు కదూ" అన్నాడు. ఇండియా అన్నాను. "అయితే వెళ్లేటప్పుడు కార్డులు చేత్తో పట్టుకుని నిలబడండి. లైను త్వరగా కదులుతుంది."

"ఏ లైను?"

"ఇమిగ్రేషన్ లైను. ఇక్కణ్నుంచి మెయిన్‌ల్యాండ్‌కి పోయే ప్రతి ఒక్కరినీ చూస్తారు కదా. రావడం సులువే. పోవడానికే కార్డు."

ఆయన మాట పూర్తి కాకముందే బ్యాంకు లాకరు నా కళ్ల ముందు కదిలింది. వెనక్కి తిరిగి చూశాను. ఇంజన్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. సుగుణ జడ గాలికి ఎగురుతుంటే పట్టుకుని నవ్వుతోంది. రత్నం కొబ్బరిచెట్లను లెక్కపెడుతున్నాడు.

అప్పుడే చెప్పేయవలసింది. "నాది పొరపాటు" అంటే పోయేది. కాని గంటసేపు అట్లాసు తెరిచి వాదించిన మనిషి రెండు మాటల్లో ఓడిపోవడం అంత తేలికా? తేలు కుట్టిన దొంగ కనీసం లోపల మూలుగుతాడు. నేను పైకి ఈల వేశాను.

అద్దెకు తీసుకున్న కుటీరం సముద్రానికి ఇరవై అడుగుల దూరం. రత్నం రబ్బరు ట్యూబులో కూర్చుని, మొహం మీద టోపీ పెట్టుకుని, నీళ్ల మీద తేలేవాడు. సుగుణ నేపర్‌విల్‌లో ఆరు నెలలుగా పోని నిద్రంతా ఇసుక మీద పోయింది. ఎలిజబెత్ అక్కడి ఎర్రచేపలు కొని, చెట్టు కింద రాలిన చింతకాయలు ఏరి, పులుసు పెట్టింది. ఆ వాసనకు పక్క కుటీరంలోని దొరలు కిటికీలు తెరుచుకున్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

"ఏంటండీ, తినరేం?" అంది సుగుణ.

"ఆకలి లేదు."

"చేపల పులుసు దగ్గర మీకు ఆకలి లేదా? చెయ్యి ఇటివ్వండి." నాడి పట్టుకుని గోడ గడియారం వంక చూసింది. "నూట పది కొట్టుకుంటోంది. ఊరికే కూర్చున్న మనిషికి ఇదేంటి?"

"సముద్రపు గాలి" అన్నాను.

"ఏ పుస్తకంలో ఉందది?" అంది నర్సు.

కళ్లు మూసుకుంటే సినిమా మొదలయ్యేది. మా నలుగురినీ ఓడెక్కించి ఇండియాకి పంపేస్తున్నారు. సోమవారం పొద్దున్న వార్డులో హెడ్ నర్సు కుర్చీ ఖాళీగా ఉంది. రత్నం నాతో మాట్లాడడం మానేశాడు. మేం ఇక్కడే ఉండిపోయాం, నేను రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు కొట్టి అమ్ముతున్నాను, అది కూడా సరిగ్గా కొట్టలేక వేలు కోసుకున్నాను. కళ్లు తెరిస్తే ఎదురుగా రత్నం ట్యూబు మీద తేలుతూ, "స్వర్గంరా ఇది, ఇక్కడే ఉండిపోదామా?" అనేవాడు. ఆ మాట అతను ఎన్నిసార్లు అన్నాడో నాకే తెలుసు.

గురువారం మధ్యాహ్నానికి తట్టుకోలేకపోయాను. గోటితో పోయేదానికి గొడ్డలి వాడకూడదంటారు. నాకు గోరు కనపడలేదు, నేరుగా గొడ్డలే కనపడింది. కటింగ్ చేయించుకుని వస్తానని చెప్పి, టాక్సీ ఎక్కి ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. ఇమిగ్రేషన్ బల్లల దగ్గర ఎవరూ లేరు. పక్క గదిలో ఒక గుమస్తా ఆవిడ అరటిపండు తింటోంది.

"ఆఫీసర్లు విమానాల వేళకే వస్తారు. ఏమన్నా చెప్పాలంటే రాసిచ్చి వెళ్లండి" అంది.

రాసిమ్మంది. గుంటూరులో చదివినవాణ్ని రాసిమ్మంటే ఊరుకుంటానా? ఫీజు మాఫీ కోసం, హాస్టలు గది కోసం, పరీక్ష తేదీ మార్పు కోసం ఎన్ని అర్జీలు రాసిన చెయ్యి అది. కాగితాలు అడిగి తీసుకుని, కూర్చుని, మూడు పేజీలు నింపాను. "గౌరవనీయులైన అయ్యగారికి సవినయంగా విన్నవించుకోవడమేమనగా" తో మొదలుపెట్టాను, ఇంగ్లీషులోనే. నలుగురి పేర్లు, పుట్టిన తేదీలు, శనివారం ఎక్కబోయే విమానం నంబరు రాశాను. మా నలుగురి దగ్గరా ఏ కార్డులూ లేవని రాశాను. మిగతా ముగ్గురూ అమాయకులనీ, నా మాట నమ్మడమే వాళ్లు చేసిన నేరమనీ రాశాను. నేరం అనే మాట అక్కడ అక్కర్లేదని అప్పుడు తోచలేదు. కింద అడ్డంగా సంతకం చేసి, ఆ సంతకం కింద మరోసారి గీత గీశాను.

ఆవిడ మూడు పేజీలూ కలిపి పిన్ను కొట్టింది. "శనివారం ఆఫీసరుకి ఇస్తాను. తప్పకుండా చూస్తారు" అంది. ఆ "తప్పకుండా" నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

కుటీరానికి తిరిగి రాగానే సుగుణ నా తల వంక అటు నుంచి ఇటు నుంచి చూసింది.

"కటింగ్ అన్నారుగా?"

"బాగా రష్‌గా ఉంది."

"రెండున్నర గంటలు లైన్లో నిలబడి వచ్చేశారా?"

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ప్రార్థన చేశారు. ఎలిజబెత్ నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ అన్నయ్య కడుపులో ఏముందో మాకు తెలీదు, నీకు తెలుసు" అంది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

శనివారం పదకొండు గంటలకు ఎయిర్‌పోర్టులో లైన్లో నిలబడ్డాం. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సర్, ఆ ఉత్తరం నాదే, అని చెప్పడానికి నాలుక తిప్పుకుంటున్నాను. మా వంతు వచ్చింది. సుగుణ హ్యాండ్‌బ్యాగు తెరిచి రెండు గ్రీన్ కార్డులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి తనది. ఒకటి నాది. పక్కనే ఎలిజబెత్ మరో రెండు పెట్టింది.

"ఇవెక్కడివి?" అన్నాను.

"లాకర్లోవి. మీరు అక్కర్లేదన్న మర్నాడే లంచ్ బ్రేక్‌లో వెళ్లి తెచ్చుకున్నా" అంది సుగుణ.

"నాతో చెప్పలేదేం?"

"చెప్తే మళ్లీ అట్లాసు తెరుస్తారని."

"వదిన నాకు ఆవేళే ఫోన్ చేసింది అన్నయ్యగారూ, మావి కూడా పెట్టుకోమని" అంది ఎలిజబెత్. రత్నం నవ్వుతూ "నాకూ తెలుసురా" అన్నాడు.

అయిదు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాను. జీవితంలో అంత హాయి నేనెరగను. ఆ హాయి సుమారు అరనిమిషం ఉంది. అరనిమిషం తరవాత ఆఫీసరు నా కార్డు మీది పేరు చదివి, సొరుగు లాగి, పిన్ను కొట్టిన మూడు కాగితాలు బయటికి తీశాడు.

"మీ నలుగురూ కాస్త పక్కకి రండి" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. కందకు లేని దురదను నేను కత్తిపీటకు ఉత్తరం రాసి మరీ తెప్పించాను.

చిన్న గది. నాలుగు కుర్చీలు. ఆఫీసరు మర్యాదస్థుడు, అందుకే ఇంకా భయమేసింది. "గురువారం మీ దగ్గర కార్డులు లేవని రాశారు. శనివారానికి నాలుగు కార్డులొచ్చాయి. ఈ రెండు రోజుల్లో ఈ ద్వీపంలో ఎవరు తయారు చేసిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండీ. ఇవి అసలువే. నా కార్డు నా భార్య బ్యాగులోనే ఉంది."

"మీ భార్య బ్యాగులో ఉన్నది మీకు తెలీదా?"

"తెలీదు" అన్నాను. నా జీవితంలో ఆ మాట పలకడం అదే మొదలు. అది ఆయన నమ్మలేదు.

సుగుణ నా వైపు తిరిగింది. "ఏంటా కాగితాలు?"

నేను చెప్పే లోపల ఆఫీసరే చదవడం మొదలుపెట్టాడు, పైకి, నిదానంగా, ఒక్క మాట వదలకుండా. రత్నం నేల వంక చూస్తూ భుజాలు కుదుపుతున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. తరవాత తెలిసింది, నవ్వు ఆపుకుంటున్నాడని. రెండో పేజీ మధ్యలో ఆయన కాస్త ఆగి, గొంతు సవరించుకుని, మళ్లీ చదివాడు: "కార్డులు తెద్దామని నా భార్య ముందే చెప్పింది. నేను వాదనతో ఆమె నోరు మూయించాను. ఆమె నాకంటే తెలివైనదని ఇందుమూలంగా అంగీకరించడమైనది."

సుగుణ ఆ కాగితం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

కార్డులు అసలువే అని మెయిన్‌ల్యాండ్‌లోని ఎవరికో ఫోను చేసి తేల్చుకోవాలి. శనివారం కాబట్టి ఆ ఎవరో దొరకడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో మా విమానం మా నెత్తి మీదుగానే వెళ్లిపోయింది. కిటికీలోంచి నలుగురం చూశాం. సుగుణ సోమవారం అనే మాట ఎత్తలేదు. వేళ్లు మాత్రం హ్యాండ్‌బ్యాగు క్లిప్పును తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఆ క్లిప్పు చప్పుడు ముందు ఆఫీసరు ప్రశ్నలే నయమనిపించింది.

చివరికి ఫోను మోగింది. ఆఫీసరు విని, తలూపి, కార్డులు తిరిగిచ్చాడు. ఆదివారం పొద్దున్న విమానంలో నాలుగు సీట్లున్నాయని ఆయనే కనుక్కుని చెప్పాడు. సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. సోమవారం దక్కింది. సుగుణ క్లిప్పు మూసింది.

"ముప్ఫయ్యేళ్లుగా ఈ పని చేస్తున్నాను. కార్డులు లేకుండా ఉన్నాయని చెప్పినవాళ్లను వందలమందిని చూశాను. అన్నీ ఉండి లేవని సంతకం చేసినవాడు మీరొక్కరే" అన్నాడు ఆఫీసరు నాతో. "ఇంకేమన్నా చెప్పాలా?"

లేదన్నాను. సుగుణ మాత్రం లేచి బల్ల దగ్గరికి వెళ్లింది.

"సర్, మీరిందాక చదివిన ఆ రెండో పేజీకి నాకో జిరాక్స్ కాపీ దొరుకుతుందా?"

దొరికింది. ఆయన ముద్ర కూడా వేసిచ్చాడు.

అందుచేత, పాఠకులారా, ఆ రోజున ఆ చిన్న గదిలో, దేవుడూ రత్నమూ సాక్షులుగా నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఎవరూ అడగని నేరాన్ని ఇక ఎవరికీ ఒప్పుకోను. ఒప్పుకున్నా, భార్య బ్యాగు వెతక్కుండా ఒప్పుకోను. ఆ ఒట్టు మీదే ఇప్పటికీ నిలబడి ఉన్నాను. కాకపోతే ఇది నోటిమాటే సుమండీ. రాసిమ్మంటే మాత్రం ఇవ్వను.